చెన్నై ఎండలో కారు ఏసీ: మా ఇంటి ప్రాజెక్టు డైరీ

ఏప్రిల్, మొదలు

ఈ ఎండాకాలానికి పెట్టుకున్న పని ఇది. మా కారు ఏసీ నాబ్‌లలో ఏది ఏం చేస్తుందో కొలిచి తెలుసుకోవాలి. తెలిసింది ఒక అట్ట మీద రాసి, ఇంట్లో ఎవరు నడిపినా చూసుకునేలా గ్లవ్‌బాక్స్‌లో పెట్టాలి. కారు పాతదే, చిన్న పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. ఆటోమేటిక్ క్లైమేట్ కంట్రోల్ లేదు. మూడు గుండ్రటి నాబ్‌లు, ఏసీ బటన్, గాలి లోపలే తిరగాలా బయటి నుంచి రావాలా అని మార్చే ఒక మీట, వెనకద్దాన్ని వేడి చేసే బటన్. అంతే.

ఉండేది వేళచ్చేరిలో. కారు నడిపేది నేను, మావారు, ఈ మధ్యే లైసెన్స్ వచ్చిన తమ్ముడు. వెనక సీట్లో ఎప్పుడూ అమ్మా నాన్నా. ఒక్కొక్కరిది ఒక్కో పద్ధతి. మావారు ఎక్కగానే అన్నీ ఫుల్‌లో పెడతారు. తమ్ముడు పెట్రోల్ మిగులుతుందని దారంతా ఏసీ బటన్ వేస్తూ తీస్తూ ఉంటాడు. నాన్న వెనక నుంచి "అమ్మాయ్, మోకాళ్ళకి కొడుతోంది, కాస్త తగ్గించు" అంటారు. అమ్మకేమో గాలే తగలదు. తగ్గించమంటే ఏ నాబ్ తిప్పాలన్న దగ్గరే మా ఇంట్లో చర్చ మొదలవుతుంది.

సామాన్లు ఎక్కువేం లేవు. పొడవాటి ముల్లున్న డిజిటల్ థర్మామీటర్ ఒకటి, గాలిలో తేమ చూపించే చిన్న మీటర్ ఒకటి, నోట్‌బుక్, టార్చి. థర్మామీటర్ ముల్లుని డ్యాష్‌బోర్డులో గాలి వచ్చే మధ్య వెంట్‌లో గుచ్చి, తేమ మీటర్‌ని హ్యాండ్‌బ్రేక్ పక్కన పెట్టాను.

ఏప్రిల్, నాబ్‌ల పరీక్ష

పరీక్షలన్నీ వీధిలో, చెట్టు నీడన, కిటికీలు కొద్దిగా దించి చేశాను. సెల్లార్‌లో చేద్దామని తమ్ముడన్నాడు, నేను ఒప్పుకోలేదు. మూసి ఉన్న చోట ఇంజన్ నడుస్తూ ఉంటే పొగలోని కార్బన్ మోనాక్సైడ్ పోగవుతుంది. దానికి వాసన లేదు, రంగు లేదు. షెడ్డులోనో సెల్లార్‌లోనో ఏసీ వేసుకుని కార్లో నిద్రపోయినవాళ్ళు లేవకపోవడానికి కారణం అదే. అట్ట మీద ఎక్కిన మొదటి వాక్యం ఇదే, ఎర్ర ఇంకుతో.

ముందు ఏసీ బటన్. ఇది నొక్కితే బానెట్ కింద "టక్" మని ఒక శబ్దం వస్తుంది. ఇంజన్ బెల్టుతో తిరిగే కప్పీ ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది, బటన్ నొక్కినప్పుడు అయస్కాంతపు క్లచ్ దాన్ని పట్టుకుని, ఏసీ గ్యాస్‌ని నొక్కే కంప్రెసర్‌ని తిప్పుతుంది. ఇంజన్ మీద బరువు పడి ఆర్‌పీఎం ముల్లు ఒక్క క్షణం కిందికి దిగి మళ్ళీ సర్దుకుంటుంది. బటన్ తీసేస్తే మిగిలేది ఫ్యాన్ గాలి మాత్రమే. 1939లో అమెరికాలో ప్యాకర్డ్ కంపెనీ ఫ్యాక్టరీలోనే ఏసీ బిగించిన కారు తెచ్చినప్పుడు ఈ క్లచ్ లేదు. ఏసీ అక్కర్లేదనుకుంటే బండి ఆపి, బానెట్ ఎత్తి, బెల్టు ఊడదీయాల్సిందే. ఇవాళ మనం వేలితో నొక్కే ఆ చిన్న బటన్ వెనక అంత పని ఉంది.

తర్వాత నీలం–ఎరుపు నాబ్. ఎక్కువ మాటలు జరిగేది దీని గురించే కాబట్టి దీనికే ఎక్కువ సమయం ఇచ్చాను. ఇంట్లో ఏసీ రిమోట్ మీద 24 పెట్టినట్టు ఇది కూడా చలిని పెంచి తగ్గిస్తుందని మావారి నమ్మకం. ఇంజన్ బాగా వేడెక్కాక, ఏసీ వేసి, ఫ్యాన్ రెండో నంబరులో ఉంచి కొలిచాను. నాబ్ పూర్తి నీలంలో ఉంటే వెంట్ దగ్గర 11 డిగ్రీలు. సగానికి తిప్పితే 25 దాటింది. కానీ బానెట్ దగ్గర నిలబడిన తమ్ముడికి కంప్రెసర్ శబ్దంలో చెప్పుకోదగ్గ తేడా వినపడలేదు. చల్లబరచడం అలాగే జరుగుతోంది. మారింది ఏమిటంటే, డ్యాష్‌బోర్డు లోపల ఒక తలుపు కదిలి, చల్లబడిన గాలిలో కొంత భాగాన్ని ఇంజన్ వేడినీళ్ళు తిరిగే హీటర్ మీదుగా పంపుతోంది. అంటే ముందు చల్లబరిచి, తర్వాత వేడి కలుపుతోంది.

అందుకే మా బండిలాంటి మామూలు ఏసీలో, చెన్నై ఎండలో, ఆ నాబ్‌ని పూర్తి నీలంలో వదిలేయాలి. చలి ఎక్కువైతే తగ్గించాల్సింది ఫ్యాన్. ఎరుపు వైపు తిప్పడానికి వేరే సందర్భం ఉంది, అది వానాకాలంలో వస్తుంది.

ఫ్యాన్ నాబ్ గురించి చెప్పడానికి ఎక్కువేం లేదు. గాలి ఎంత రావాలో అది చూసుకుంటుంది. నంబరు తగ్గిస్తే గాలి, దాన్ని చల్లబరిచే కాయిల్ మీద నెమ్మదిగా వెళ్ళి ఇంకొంచెం చల్లగా వస్తుంది, కానీ తక్కువ వస్తుంది.

మే, కత్తిరి వెయ్యిల్

ఎండలు మండిపోయే ఈ రోజుల్ని ఇక్కడివాళ్ళు కత్తిరి అంటారు, మన పంచాంగంలో కర్తరి. నుంగంబాక్కం వాతావరణ కేంద్రంలో 2003 మే 31న 45 డిగ్రీలు నమోదైన ఊరు ఇది. ఈ వారం అంత లేదు, బయట 38. కానీ మధ్యాహ్నం ఎండలో నిలిపిన కారు తలుపు తీసి థర్మామీటర్ లోపల పెడితే 54 చూపించింది. అద్దంలోంచి వెలుగు లోపలికి వచ్చి సీట్లనీ డ్యాష్‌బోర్డునీ కాలుస్తుంది. వాటి నుంచి వెలువడే వేడి అద్దం దాటి బయటికి పోలేదు. చిన్నపిల్లల్నీ పెద్దవాళ్ళనీ "ఒక్క నిమిషంలో వస్తా" అని మూసిన కార్లో ఎందుకు వదలకూడదో ఈ ఒక్క అంకె చాలు.

ఇక్కడే గాలి మీట సంగతి తేలింది. కారు బొమ్మలో గుండ్రంగా తిరిగే బాణం గుర్తుంటే లోపలి గాలే మళ్ళీ మళ్ళీ కాయిల్ మీదకి వెళ్తుంది. బయటి నుంచి లోపలికి వచ్చే బాణం ఉంటే కొత్త గాలి వస్తుంది. తొందరగా చల్లబడాలంటే లోపలి గాలే తిప్పాలని అందరం అనుకుంటాం. అది నిజమే, కానీ మొదటి రెండు నిమిషాల్లో కాదు. లోపల 54, బయట 38 ఉన్నప్పుడు ఆ 54 డిగ్రీల గాలినే పట్టుకుని చల్లబరచడం దండగ. ఏ గాలి చల్లగా ఉంటే ఆ గాలి తీసుకోవాలి. ఎండలోంచి కారు తీసేటప్పుడు ఇప్పుడు మేం చేస్తున్నది ఇది: ముందు అద్దాలన్నీ దించుతాం. డ్రైవర్ వైపు అద్దం దించి ఉండగా ఎదురు వైపు వెనక తలుపు నాలుగైదు సార్లు తెరిచి మూస్తాం, వేడిగాలి బయటికి తోసుకుపోతుంది. తర్వాత ఏసీ వేసి, ఫ్యాన్ ఫుల్, బయటి గాలి, అద్దాలు సగం దించి బయల్దేరతాం. వీధి చివరికి వచ్చాక అద్దాలు ఎత్తి, మీట లోపలి గాలికి మారుస్తాం. నీడలో ఉన్నట్టు అనిపించగానే ఫ్యాన్ రెండుకి.

ఇలా చేసిన రోజు వేళచ్చేరి సిగ్నల్ దాటేలోపే అమ్మ కొంగుతో విసురుకోవడం ఆపేసింది. థర్మామీటర్ అంకెల కంటే నాకు అదే ఎక్కువ సంతోషం.

సిగ్నల్ దగ్గర చలి తగ్గుతుందని తమ్ముడి ఫిర్యాదు ఒకటుంది. అది లోపం కాదు. కంప్రెసర్ ఇంజన్ వేగంతోనే తిరుగుతుంది, బండి నిలబడితే అదీ నెమ్మదిస్తుంది. పైగా ఏసీ వేడిని బయటికి వదిలే, బండి ముందున్న కండెన్సర్‌కి ఎదురుగాలి ఉండదు, దాని ఫ్యాన్ ఒక్కటే దిక్కు. కత్తిపారా దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు వెంట్ దగ్గర 16 దాకా ఎక్కింది. కదలగానే మళ్ళీ 10కి వచ్చింది. ఫరవాలేదు.

మే, మెకానిక్ దగ్గర

అయినా ఎండలో కదులుతున్నప్పుడు కూడా కొన్ని రోజులు 14 కంటే దిగకపోయేసరికి ఒక ఏసీ మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన తల్లిదండ్రులది చిత్తూరు వైపు, తెలుగులోనే మాట్లాడాడు. "గ్యాస్ అయిపోయిందేమో, నింపేద్దామా?" అన్నాడు తమ్ముడు. ఆయన తల అడ్డంగా ఊపాడు. "తంబీ, ఇది పెట్రోల్ కాదు కదా మండిపోవడానికి. గొట్టాల్లోనే తిరుగుతా ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో కారతా ఉందని అర్థం. అది చూడకుండా నింపితే మళ్ళీ నా దగ్గరికే వస్తావు."

గ్యాస్ ఒత్తిడి చూపే నీలం, ఎరుపు గేజులు రెండూ తగిలించాడు. నీలం ముల్లు 35 పీఎస్ఐ దగ్గర, ఎరుపు 270 దాటి. "గ్యాస్ సరిగ్గానే ఉంది. ముందు గాలాడటం లేదు" అన్నాడు. టార్చి వేసి గ్రిల్ లోపల చూపించాడు. కండెన్సర్ రెక్కల మధ్య ధూళి, ఎండిన ఆకులు, పురుగులు. కంప్రెసర్ బాగా నొక్కి వేడెక్కించిన గ్యాస్ ఇక్కడే తన వేడిని బయటి గాలికి వదిలి ద్రవం అవ్వాలి. ఆ ద్రవం సన్నటి వాల్వులోంచి దూరి, ఒత్తిడి పడిపోయి, డ్యాష్‌బోర్డు వెనకున్న కూలింగ్ కాయిల్‌లో ఆవిరవుతూ కారులోని వేడిని లాక్కుంటుంది. మా బండిలో ఉన్న ఆర్–134ఏ అనే గ్యాస్ మామూలు గాలి ఒత్తిడిలో సున్నాకి 26 డిగ్రీలు కిందే మరిగిపోతుంది. అంత తేలిగ్గా మరిగేది కాబట్టే ఈ పనికి పనికొచ్చింది. ముందు వేడి పోకపోతే వెనక చలి రాదు.

సన్నటి ధారతో, రెక్కలు వంగకుండా నీళ్ళు కొట్టి కడిగాడు. గట్టి ప్రెషర్ గన్ పెట్టకూడదని ప్రత్యేకంగా చెప్పాడు. ఎరుపు ముల్లు 225కి దిగింది. తిరిగొచ్చేటప్పుడు వెంట్ దగ్గర 8.

ఆయన చేసిన ఇంకో పని నాకు నచ్చింది. పక్కన వేరే బండిలో గ్యాస్ తీయాల్సి వస్తే గాలిలోకి వదలకుండా మెషిన్‌తో సిలిండర్‌లోకి లాగాడు. ఆర్–134ఏ ఓజోన్ పొరకి హాని చేయదు. ఓజోన్‌ని కాపాడటానికి చేసుకున్న 1987 మాంట్రియల్ ఒప్పందం తర్వాత పాత ఆర్–12 గ్యాస్ స్థానంలో దీన్ని తెచ్చింది అందుకే. కానీ భూమిని వేడెక్కించడంలో ఒక కిలో దాదాపు 1,430 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. బానెట్ కింద స్టిక్కర్ మీద మా బండికి 400 గ్రాములని ఉంది. లెక్కేస్తే ఊరికే వదిలేసిన ఒక్క కారు గ్యాస్ 570 కిలోల పైమాటే. "నింపేద్దాం" అనే ముందు ఈ లెక్క గుర్తుండాలి. నింపాల్సి వచ్చినా చేతి అందాజుతో కాకుండా స్టిక్కర్ మీద ఉన్న గ్రాముల ప్రకారం తూచి నింపమని అడగాలి.

మే చివర, ఫిల్టరు, వాసన, నీళ్ళు

కారు విడిభాగాలు దొరికే జీపీ రోడ్డులో, లోపలికి వచ్చే గాలిని వడకట్టే క్యాబిన్ ఫిల్టరు కొన్నాను. గ్లవ్‌బాక్స్ రెండు పక్కలా లోపలికి నొక్కితే కిందికి దిగింది, వెనక సన్నటి మూత. పాత ఫిల్టరు బూడిదరంగులోకి మారింది. కొత్తదాని మీద గాలి దిశ చూపే బాణం ఉంది, అదే దిశలో పెట్టాలి. అదే నంబరులో ఫ్యాన్ గాలి స్పష్టంగా పెరిగింది. కొన్ని బండ్లలో, ముఖ్యంగా తక్కువ ధర మోడళ్ళలో, ఆ గది ఉంటుంది కానీ ఫిల్టరు ఉండదు. ఒకసారి తెరిచి చూసుకోవడం మంచిది.

ఏసీ వేయగానే తడిగుడ్డ వాసన వస్తోందని అమ్మ చాలాసార్లు అంది. కారణం కూలింగ్ కాయిల్. చల్లటి నీళ్ళ గ్లాసు బయట చెమట పట్టినట్టు, గాలిలోని తేమ ఆ కాయిల్ మీద నీళ్ళయి, ఒక గొట్టంలోంచి కారు కింద కారుతుంది. చెన్నైలో ఆ నీళ్ళు బాగానే వస్తాయి. కింద చుక్కలు పడుతున్నాయని కంగారు అక్కర్లేదు, పడకపోతేనే చూసుకోవాలి. గొట్టం మూసుకుపోతే ఆ నీళ్ళు ముందు సీటు దగ్గర కార్పెట్ కిందికి వస్తాయి. ఇక బండి ఆపగానే కాయిల్ తడిగా, చీకట్లో ఉండిపోతుంది కాబట్టి బూజు పడుతుంది. ఇంటి వీధిలోకి తిరిగేటప్పుడు ఏసీ బటన్ తీసేసి, మీట బయటి గాలికి మార్చి, ఫ్యాన్ మాత్రం నడవనిస్తున్నాం. ఇల్లు చేరేలోపు కాయిల్ ఆరుతుంది. వాసన చాలావరకు తగ్గింది.

రోహిణి కార్తె, వెనక సీటు

రోళ్ళు పగిలే కార్తె. నాన్న మోకాళ్ళ సంగతి ఇప్పుడు పట్టుకున్నాను. చూస్తే గాలి దిశ నాబ్ ఎప్పుడూ ముఖం–కాళ్ళు రెండింటి గుర్తు మీద ఉంటోంది. ముందు సీట్ల కిందుగా వెళ్ళే గాలి సూటిగా ఆయన మోకాళ్ళకి తగులుతోంది. నాబ్‌ని ముఖం గుర్తుకి మార్చాను. మా బండికి వెనక వెంట్లు లేవు, అందుకని మధ్యలోని రెండు వెంట్‌ల రెక్కలు పైకెత్తి, రెండు ముందు సీట్ల మధ్యలోంచి టాప్ వైపు గాలి వెళ్ళేలా పెట్టాను. చల్లగాలి బరువు, పై నుంచి తనే కిందికి దిగుతుంది. పక్క వెంట్లు ముందు కూర్చున్నవాళ్ళకి సరిపోతాయి. తాంబరం దాకా వెళ్ళొచ్చాక నాన్న ఏమీ అనలేదు. అడిగితే "ఇప్పుడు బాగుందమ్మా" అన్నారు. అమ్మకి గాలి తగిలింది.

జూన్, నెల్లూరు దారి

పెళ్ళికని నెల్లూరు వెళ్ళాం. జాతీయ రహదారి 16 మీద గుమ్మిడిపూండి, తడ, సూళ్ళూరుపేట, గూడూరు. ఐదుగురం, అద్దాలన్నీ మూసి, మీట లోపలి గాలి మీద. తడ దాటాక మావారికి ఆవలింతలు మొదలయ్యాయి, తమ్ముడు నిద్రలోకి జారాడు. లోపలి గాలే తిరుగుతున్నప్పుడు అందరి ఊపిరిలోంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్ బయటికి పోదు, చిన్న బండిలో తొందరగా పెరుగుతుంది. తలనొప్పి, మగత దాని లక్షణాలే. మీట బయటి గాలికి తిప్పి కాసేపు ఉంచాను. వెంట్ దగ్గర రెండు డిగ్రీలు పెరిగింది, మనుషులు మాత్రం తేరుకున్నారు. ఇప్పుడు హైవే మీద ప్రతి అరగంటకీ కొన్ని నిమిషాలు బయటి గాలి అని అట్ట మీద రాశాను. లారీ పొగ వెనకో, చెత్త తగలబెట్టే చోటో మాత్రం వెంటనే లోపలి గాలికి మార్చాలి. నిద్ర నిజంగా వస్తుంటే గాలి మీట సరిపోదు, బండి పక్కకి ఆపి దిగాలి.

హైవే మీద ఏసీ తీసి అద్దాలు దించితే పెట్రోల్ మిగులుతుందా అని తమ్ముడు మళ్ళీ అడిగాడు. ఊళ్ళో నెమ్మదిగా వెళ్తున్నప్పుడు ఏసీ ఖర్చే ఎక్కువ. వేగం పెరిగేకొద్దీ తెరిచిన అద్దాల్లోంచి దూరే గాలి బండిని వెనక్కి లాగుతుంది కాబట్టి ఆ లాభం తగ్గిపోతుంది.

జూలై, పక్కింటివాళ్ళ ఆటోమేటిక్

పక్క ఫ్లాట్ పెద్దాయన కొత్త కారు తీసుకున్నారు. అందులో డిగ్రీలు పెట్టే ఆటోమేటిక్ ఏసీ. "మీరేదో ఏసీ పరిశోధన చేస్తున్నారట కదా, నాది చూడండమ్మా. 24 పెట్టినా ఒక్కోసారి ఎండలో సరిగ్గా చల్లబడదు" అన్నారు. ఆటో బటన్ నొక్కి 24 పెడితే ఫ్యాన్ వేగం, గాలి దిశ, వేడి కలపడం అన్నీ బండే చూసుకుంటుంది. తొందరగా చల్లబడాలని 18 పెట్టినా మొదట్లో పెద్ద తేడా ఉండదు, 24 పెట్టినా అది మొదలుపెట్టేది పూర్తి బలంతోనే. 18 అంటే ఆగకుండా చల్లబరుస్తూ పోతుంది, అంతే.

ఆయన బండిలో అసలు విషయం డ్యాష్‌బోర్డు మీద దొరికింది. ముందద్దం దగ్గర నల్లటి చిన్న గుబ్బ ఎండని కొలిచే సెన్సర్. దాని మీదే వినాయకుడి విగ్రహం, రోజూ పెట్టే పూలు. నీడలో ఉన్నానని బండి అనుకుంటోంది. ఆయనే విగ్రహాన్ని రెండు చేతులా ఎత్తి, కళ్ళకద్దుకుని, జానెడు పక్కకి జరిపారు. మర్నాడు మధ్యాహ్నం ఫోన్ చేసి ఫ్యాన్ తనంతట తనే పెరిగిందని చెప్పారు.

ఆగస్టు, సాయంత్రం వాన

ఎరుపు నాబ్ అవసరమైన రోజు. అడయారు నుంచి వస్తుంటే ఉరుముల వాన, ముందద్దం లోపల నుంచి తెల్లగా మూసుకుపోయింది. మావారు గుడ్డ తీశారు. తేమ మీటర్ 80 దాటింది. వాన అద్దాన్ని చల్లబరుస్తుంది, మన ఊపిరీ తడి గొడుగులూ లోపలి గాలిని తేమతో నింపుతాయి, ఆ తేమ అద్దం మీద మంచవుతుంది. మీట లోపలి గాలి మీద ఉంటే ఇంకా పెరుగుతుంది. కావాల్సింది పొడిగాలి, దాన్ని తయారుచేసేది అదే కూలింగ్ కాయిల్. కాబట్టి ఏసీ వేసే ఉంచాను, గాలి దిశ ముందద్దం గుర్తుకి, మీట బయటి గాలికి, ఫ్యాన్ మూడు, నాబ్ ఎరుపు వైపు సగానికి పైగా. కాయిల్ గాలిలోని నీళ్ళు తీసేస్తే హీటర్ దాన్ని వెచ్చబరిచి అద్దం మీదకి పంపింది. సిగ్నల్ పచ్చగా మారేలోపు అద్దం కింది నుంచి తెల్లదనం విడిపోతూ వచ్చింది. వానలో ఏసీ ఎందుకు అనే ప్రశ్న మా ఇంట్లో ఆ సాయంత్రంతో తీరిపోయింది.

దీనికి తిరగబడిన పరిస్థితి ఒకటుంది. ఉక్కగా ఉన్న తెల్లవారుజామున, వాన లేకుండానే, అద్దం బయట మంచు పడుతుంది. అది చల్లగాలి అద్దాన్ని మరీ చల్లబరచడం వల్ల. లోపల ఎంత తుడిచినా పోదు. వైపర్ ఒకసారి వేసి, గాలి దిశ అద్దం మీద నుంచి తప్పించి, ఫ్యాన్ తగ్గించాలి. లోపలా బయటా అన్నది వేలితో ఒక గీత గీస్తే తెలిసిపోతుంది.

సెప్టెంబరు, అట్ట

అట్ట తయారైంది. లామినేట్ చేయించి గ్లవ్‌బాక్స్‌లో పెట్టాను. తమ్ముడు వాక్యాలు తగ్గించమంటే తగ్గించాను:

మూసిన చోట ఇంజన్ నడుపుతూ కూర్చోవద్దు.
ఎండలోంచి తీస్తే: అద్దాలు దించు, బయటి గాలి, ఫ్యాన్ ఫుల్. చల్లబడ్డాక లోపలి గాలి.
చలి ఎక్కువైతే ఫ్యాన్ తగ్గించు. నీలం నాబ్ ముట్టుకోవద్దు.
వెనక పెద్దవాళ్ళుంటే ముఖం గుర్తు, మధ్య వెంట్లు పైకి.
హైవే మీద అరగంటకోసారి బయటి గాలి.
లోపల మంచు పడితే: ఏసీ ఆన్, అద్దం గుర్తు, బయటి గాలి, నాబ్ ఎరుపు వైపు.
ఇల్లు దగ్గరపడితే ఏసీ తీసి ఫ్యాన్ ఉంచు.

మిగిలిన పనులు రెండు. వెనక అద్దాలకి తీసి పెట్టుకునే నెట్ తెరలు కొనాలి. నవంబరులో అసలైన ఈశాన్య రుతుపవనాల వానలొచ్చినప్పుడు లోపలి గాలితో ఒకసారి, బయటి గాలితో ఒకసారి అద్దం ఎంతసేపట్లో విడుతుందో, తేమ మీటర్ ఎంత చూపిస్తుందో పట్టిక వేయాలి. ఈసారి నోట్‌బుక్ తమ్ముడు రాస్తానన్నాడు.